తైలాభ్యంగనము: పిలువవలసిన వేళ



ఈ స్మారకోపన్యాసము ఒక మహాపురుషుని పేర వెలసినది కాదు. బాటలు సరిగా లేని కాలమున కాలినడకనో సైకిలుమీదనో ఊరూరు తిరిగి, పిల్లలకు జపములు నేర్పి, పెద్దల తగవులు తీర్చి, పెండ్లియింటికిని చావింటికిని అందరికంటె ముందుగా చేరి, జీతము స్వల్పమైనను శ్రమకు వెనుదీయక బ్రదికిన ఉపదేశుల జ్ఞాపకార్థము, వారి బిడ్డలు కూర్చిన ద్రవ్యముతో ఇది ఏర్పడినది. అందుచేత ఆ ఉపదేశుల నిత్యకృత్యములలో పుస్తకములకు అంతగా ఎక్కని ఒకదానినే నేను విషయముగా గ్రహించితిని. ఊరిలో ఒకరు మంచము పట్టినప్పుడు గురువునకు కబురు చేర్చుట వారి పని. ఆ కబురు విని వచ్చిన గురువు రోగి నొసటను, అరచేతులను పవిత్రతైలముతో తడిపి ప్రార్థించును. దీనినే మన పెద్దలు అవస్థ అభ్యంగనమనిరి. నేడు వ్యాధిగ్రస్తుల అభ్యంగనమనుచున్నాము.

ఈ సంస్కారమును గూర్చి మన సూర్యాపేట, నల్లగొండ ప్రాంతమున లోతుగా వేరూనిన భయ మొకటి కలదు. గురువు తైలపు భరిణె పట్టుకొని ఇంటి గడప తొక్కినచో ఇక ఆ రోగికి నూకలు చెల్లినట్లే అని జనులు తలతురు. "అప్పుడే ఫాదర్‌ని పిలుస్తరా? నాయన గుండె చెదరదా?" అని పెద్దకొడుకు అనును. "డాక్టరు ఆశ లేదన్నంక చూద్దాం తీ" అని మేనమామ అనును. వారిద్దరి మాటలలోను ప్రేమయే కలదు, సందేహము లేదు. కాని ఆ ప్రేమ ఫలితముగా గురువు వచ్చునప్పటికి రోగికి మాట పడిపోయి యుండును, చూపు నిలువదు, తన పాపములు చెప్పుకొనుటకు నాలుక కదలదు, సత్ప్రసాదము మ్రింగుటకు గొంతు సహకరింపదు. ఏ ధైర్యమును ఇచ్చుటకు ఈ సంస్కారము ఏర్పడినదో ఆ ధైర్యము వినగలుగు చెవికి చేరక, చుట్టును నిలిచి ఏడ్చువారి ఊరటకు మాత్రమే మిగులుచున్నది. దీనిని గూర్చి కొంత కఠినముగా మాటలాడవలెననియే నేడు వచ్చితిని.

ముందుగా లేఖనము. అపొస్తలుల కాలమున శిష్యులు రోగులనేకులకు నూనె రాసి స్వస్థపరచిరని మార్కు సువార్త 6వ అధ్యాయము చెప్పుచున్నది. యెరికో మార్గమున దొంగలచేత దెబ్బలు తిన్నవాని గాయములపై సమరీయుడు నూనెయు, ద్రాక్షారసమును పోసెనని లూకా చెప్పును. ఆ కాలపు పాలస్తీనాలో నూనె ఆహారము, ఔషధము, దీపము కూడ. యాకోబు లేఖ 5వ అధ్యాయమున 14, 15 వచనములలో ఈ సంస్కారమునకు ఆధారమైన ఉపదేశము కలదు: రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెననియు, వారు ప్రభువు నామమున నూనె రాసి అతని కొరకు ప్రార్థింపవలెననియు, అట్టి ప్రార్థన అతనిని రక్షించుననియు, ప్రభువు అతనిని లేవనెత్తుననియు, అతని పాపములు క్షమింపబడుననియు ఆ ఉపదేశపు సారాంశము. అచ్చట పిలుచువాడెవరు? కొడుకు కాడు, అల్లుడు కాడు, ఉపదేశి కూడ కాడు. రోగియే. పిలువగలిగిన స్థితిలో ఉన్నవాడు, పెద్దలు వచ్చి ప్రార్థించునప్పుడు వినగలిగినవాడు, లేచి తిరుగుదునను ఆశ ఇంకను వీడనివాడు. మరణమును గూర్చిన ప్రస్తావన ఆ రెండు వచనములలో లేనే లేదు.

మరి ఈ సంస్కారము ప్రాణము పోవు వేళకు ఎట్లు జరిగిపోయెను? ఆ తప్పు మన పల్లెల అజ్ఞానముపై మోపుట అన్యాయము. ఐదవ శతాబ్దారంభమున, 416లో, పోపు మొదటి ఇన్నోసెంటుగారు గుబ్బియో పీఠాధిపతియైన డెసెంటియస్‌కు వ్రాసిన ప్రత్యుత్తరములో, పీఠాధిపతి ఆశీర్వదించిన తైలమును గురువులే గాక విశ్వాసులందరును తమ అవసరమునకును తమవారి అవసరమునకును వాడుకొనవచ్చునని తెలిపిరి. అనగా ఆనాడు పవిత్రతైలము ఇండ్లలో ఉండెడిది. జ్వరము వచ్చినవాని నొసటికి తల్లియో భార్యయో దానిని రాసెడిది. ఎనిమిది, తొమ్మిది శతాబ్దములకు వచ్చునప్పటికి అది గురువుల చేతికి మాత్రమే పరిమితమై, మరణశయ్యపైని ప్రాయశ్చిత్తముతో ముడిపడినది. ఆ రోజులలో పాపప్రాయశ్చిత్త నియమములు ఎంత కఠినములనగా, వానిని భరింపలేక జనులు తుదిఘడియవరకు వాయిదా వేసెడివారు. ప్రాయశ్చిత్తము వెంబడి తైలమును వాయిదా పడినది. పండ్రెండవ శతాబ్దపు పండితులు దీనికి తుది అభ్యంగనమను పేరు స్థిరపరచిరి. కన్నులు, చెవులు, ముక్కుపుటములు, పెదవులు, చేతులు, పాదములు అని ఒక్కొక్క ఇంద్రియమును తైలముతో తాకి, ఆ ఇంద్రియముచేత చేసిన పాపములు క్షమింపబడుగాక అని గురువు ప్రార్థించు క్రమము నిలిచిపోయినది. స్వస్థత వెనుకకు పోయి, పాపవిమోచనము మాత్రము ముందు నిలిచినది.

1551 నవంబరు 25న ట్రెంట్ మహాసభ ఈ సంస్కారమును గూర్చి నిర్ణయము ప్రకటించినప్పుడు జరిగిన సంగతి యొకటి ఇచ్చట చెప్పదగినది. మొదటి ముసాయిదాలో మరణాసన్నులకు మాత్రమే ఇది ఈయవలెనని యుండెను. పెద్దలు చర్చించి ఆ "మాత్రమే"ను తొలగించి "విశేషించి" అని మార్చిరి. తలుపు పూర్తిగా మూయబడలేదు. అయినను ఆచారము ఆ సందును గమనింపక మరి నాలుగు శతాబ్దములు పాతదారినే నడచినది. లూథరు, కాల్విను మొదలగు సంస్కర్తలు దీనిని దివ్యసంస్కారముగా అంగీకరింపకపోవుటకు చెప్పిన కారణములలో, యాకోబు చెప్పినది రోగులకు కాగా మీరు ఇచ్చునది చచ్చువారికి అను ఆక్షేపణ ఒకటి. ఆ ఆక్షేపణలో సత్యము కొంత ఉన్నదని ఒప్పుకొనుట మనకు గౌరవమే గాని అవమానము కాదు.

మన సూర్యాపేట, నల్లగొండ ప్రాంతములలో ఈ భేదము ఇప్పటికిని కంటికి కనబడుచున్నది. పంతొమ్మిదవ శతాబ్దాంతమునుండి ఇచ్చట పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనువారును, వారితో కలసి సేవచేసిన రష్యాదేశపు మెన్నోనైట్ సహోదరులును నాటిన సంఘములలో, పాస్టరు గారు రోగి మంచము చెంత మోకరించి వాక్యము చదివి ప్రార్థింతురు. తైలము సంస్కారముగా లేదు. తరువాతి కాలమున వెలసిన పెంతెకోస్తు సంఘములలో తైలము మరల ప్రత్యక్షమై, అత్యంతోత్సాహముతో వాడబడుచున్నది. కథోలికుల చేతిలో అది మంచము చివరి గంటకు చేరినది. ఒకే వీధిలో, ఒకే కులపు ఇండ్లలో, కొన్నిచోట్ల ఒకే కుటుంబమునందు కూడ, రోగిశయ్య దగ్గర ఈ మూడు ఆచారములును కనబడుచున్నవి.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ తన ఆరాధనా ప్రకటన 73వ పరిచ్ఛేదములో, ఈ సంస్కారము మరణపు అంచున ఉన్నవారికి మాత్రమే ఏర్పడినది కాదనియు, వ్యాధిచేతనో వార్ధక్యముచేతనో ప్రాణాపాయము ఆరంభమైన నాడే దానిని స్వీకరింపదగిన వేళ వచ్చినట్లనియు స్పష్టముగా చెప్పినది. 1972 నవంబరు 30న పోపు ఆరవ పౌలుగారు దానిని ఆచరణలో పెట్టు శాసనము ప్రకటించిరి. ఆరు చోట్ల రాయు క్రమము పోయి, నొసటను అరచేతులను రాయుటతో ముగియు క్రమము వచ్చినది. పలుకు మాటలలో పాపపు లెక్కలకంటె పవిత్రాత్మ అనుగ్రహము, రక్షణ, లేవనెత్తుట అను భావములు ముందునకు వచ్చినవి. తీవ్రవ్యాధి గలవారికి, పెద్ద శస్త్రచికిత్సకు వెళ్లువారికి, ప్రత్యేకమైన జబ్బు లేకున్నను ముసలితనముచేత మిక్కిలి బలహీనులైనవారికి, తెలివి వచ్చిన పిల్లలకు కూడ ఇది ఈయవచ్చును. కోలుకొని మరల జబ్బుపడినచో మరల ఈయవచ్చును; అదే జబ్బు ముదిరినను ఈయవచ్చును. చచ్చిపోవువారికి ప్రత్యేకముగా ఏర్పడిన సంస్కారము అభ్యంగనము కాదు; అంత్యప్రయాణమునకు పాథేయముగా ఇచ్చు సత్ప్రసాదము. ఈ ఒక్క విషయము మన ఇండ్లలో తెలిసినచో సగము భయము తీరును.

నల్లగొండ మేత్రాసనము (డయోసిస్) 1976 మే 31న ఏర్పడినది. మిలాను విదేశ ప్రచార సభకు చెందిన చెరియాన్‌కున్నేల్ మాత్యూగారు తొలి మేత్రాణులు, అనగా తొలి పీఠాధిపతి. కొత్త క్రమము వచ్చిన నాలుగవ ఏటనే పుట్టిన మేత్రాసనము మనది. పాతక్రమము మన మేత్రాసనపు బలిపీఠములపై ఎన్నడును లేదు. పాతభయము మాత్రము తల్లిదండ్రుల వెంట నడిచి వచ్చినది. కృష్ణ దాటి గుంటూరు వైపునుండి వచ్చి స్థిరపడిన రైతుకుటుంబములతో కొంతయు, హైదరాబాదు, వరంగల్లు మేత్రాసనముల కాలపు పాత విచారణల (పారిష్‌ల) నుండి కొంతయు అది చేరినది. నాగార్జునసాగర్ ఎడమకాలువకు 1967లో నీరు విడిచినది మొదలు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులు పచ్చబడి, ఊళ్లు పెరిగి, మట్టంపల్లివంటి గ్రామములలో పెద్ద దేవాలయములు లేచినవి. కాలువవెంట ఇన్ని మార్పులు వచ్చినను రోగిమంచము చెంత మనస్సు మారలేదు.

తైలమును గూర్చి నాలుగు మాటలు. 1972వరకు ఈ సంస్కారమునకు ఒలీవనూనె తప్పనిసరి. ఒలీవ తోటలు లేని మన ప్రాంతమునకు అది సముద్రము దాటి రావలసి యుండెను. ఒలీవనూనె దొరకనిచోట మరి యే మొక్కనుండి తీసిన నూనెయైనను వాడవచ్చునని ఆరవ పౌలుగారి శాసనము అనుమతించినది. మన గానుగలో ఆడిన మంచినూనెకు ఈ అర్హత కలిగినదన్న మాట నా కెంతో సంతోషమును కలిగించినది. ఏలయన నూనె మన ఇండ్లలో ముందుగా బ్రతుకునకు సంబంధించిన వస్తువు. పుట్టిన బిడ్డకు ఒళ్లంతయు నూనె మర్దించి నీళ్లు పోయుదుము, బాలింతకు రాయుదుము, దీపావళి వేకువను తలంటుకొందుము. శనిపీడ తొలగుటకై తైలాభిషేకము చేయించు ఇండ్లును మన ఇరుగుపొరుగున ఉన్నవి. నూనెకుండ ఎదురు వచ్చుట అపశకునమను నమ్మకమును ఈ నేలదే, దానిని దాచుట ఎందుకు? మిర్యాలగూడకు సమీపమున కృష్ణామూసీ సంగమమైన వాడపల్లిలో లక్ష్మీనరసింహస్వామి గర్భగుడియందు రెండు దీపములు వెలుగుచుండును. స్వామి నాసిక ఎత్తున ఉన్న దీపము ఉచ్ఛ్వాసనిశ్వాసములకు కదలుననియు, క్రింది దీపము నిశ్చలముగా ఉండుననియు భక్తుల విశ్వాసము. నూనెకును ఊపిరికిని సంబంధము కలదని ఈ నేల ఎరుగును. తుదిఘడియను తులసితీర్థము నోట పోయు ఇంటిలోనివారును, యాసీన్ సూరా చదువు ఇంటిలోనివారును, మన గురువు చేతిలోని భరిణెను అపరిచితమైనదిగా చూడరు.

ఆ తైలము ఎచ్చటినుండి వచ్చుచున్నది? పవిత్ర గురువారమున గాని, దానికి దాపున ఏర్పరచుకొన్న దినమున గాని, మేత్రాణులు తమ గురువులందరితో కలసి బలిపూజ చేసి మూడు తైలములను సిద్ధపరతురు: జ్ఞానస్నానమునకు సిద్ధపడువారి తైలము, క్రిస్మా తైలము, వ్యాధిగ్రస్తుల తైలము. విచారణకర్తలు ఆ తైలములను తమ తమ ఊళ్లకు తీసికొని పోవుదురు. నల్లగొండలో ఆశీర్వదింపబడిన తైలము కోదాడలో ఒక వృద్ధురాలి నొసటికి చేరుట చిన్న సంగతి కాదు; ఆమె జబ్బు ఆ ఇంటిది మాత్రమే కాదనియు, మేత్రాసనమంతయు ఆమె మంచము చెంత నిలిచియున్నదనియు దాని భావము. గురువు తైలము తాకకముందు ఏమియు పలుకక రోగి తలపై చేతులుంచును. ఈ క్రమములో నాకు అన్నిటికంటె హృద్యమైనది ఆ మౌనము. జబ్బు మనిషిని అందరును సూదికొరకు, నాడికొరకు, ఉష్ణమానము కొరకు తాకుదురు. ఏమియు కోరక తాకునది ఆ చేయి యొక్కటే.

చేతులను గూర్చి అనుకొన్నప్పుడెల్ల నాకు నల్లగొండలో మిలాను సభ గురువులు నడపిన కుష్ఠు చికిత్సాలయము తలపునకు వచ్చును. వ్రేళ్లు తెగిపోయిన అరచేతులు, మూతబడని కన్నులు గలవారు, అంటరానివారికి అంటరానివారుగా బ్రదికినవారు అచ్చట ఉండిరి. వారిలో మరణాసన్నులు కొందరే. ఏండ్లకొలది జబ్బుతో కాపురము చేయువారే హెచ్చు. నల్లగొండ జిల్లా పడమటి మండలములలో ఫ్లోరైడు నీటిచేత నడుము వంగి, కీళ్లు బిగిసి, నలుబదియేండ్లకే కర్ర పట్టినవారి స్థితియు అట్టిదే. వీరు రేపే పోవువారు కారు. కాని ప్రతిదినము నొప్పితో లేచి నొప్పితో పండుకొనువారు. సంస్కారము తుదిఘడియదే అయినచో వీరందరును ఎన్నియేండ్లు కాచుకొనవలెను? అభ్యంగనము వ్యాధిగ్రస్తులదని శ్రీసభ నిర్ణయించినప్పుడు, వీరికి తమ వంతు దక్కినది.

ఉపదేశుల సంగతికి వత్తును. 1983 నాటి శ్రీసభ చట్టము ప్రకారము అభ్యంగనము చేయు అధికారము పీఠాధిపతులకును గురువులకును మాత్రమే కలదు. ఉపదేశి రాయరాదు. అయినను రోగిచెంత రాత్రి మేలుకొన్నది అతడు. కొవ్వొత్తి వెలిగించి, సిలువ తెచ్చి, తెల్లగుడ్డ పరచి, పునీతుల ప్రార్థన చదివినది అతడు. వానలో బురదలో విచారణ కేంద్రమునకు పరుగెత్తినది అతడు. ఒక విచారణక్రింద అనేక గ్రామములు, గురువు ఒక్కడు. కబురు చేరునప్పటికి గురువు మరియొక ఊర ఉండెడివాడు. ఆనాటి ఆలస్యమునకు దూరము కారణము. ఉపదేశి ఎంత వేడుకొన్నను ఇంటివారు సమ్మతింపక జరిగిన ఆలస్యము అంతకంటె పెద్దది. పిలువరాదని పట్టుపట్టిన ఇంటివారే, పిమ్మట "ఫాదరు రాలేదు" అని ఉపదేశిని నిందించుటయు జరిగెడిది. ఆ నింద మోసినవారి పేరట ఈ సభ జరుగుచున్నది కనుక ఈ మాట చెప్పక తప్పదు.

నేడు దూరము పోయినది. హైదరాబాదు విజయవాడల నడుమ 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడలమీదుగా పోవుచున్నది. విచారణకర్త అర్ధగంటలో రాగలడు. సూర్యాపేటలోను, నల్లగొండలోను 2019నుండి ప్రభుత్వ వైద్యకళాశాలలు నడుచుచున్నవి. కాని కొత్త అడ్డు వచ్చినది. రోగి ఐసీయూలో అద్దపు తలుపు వెనుక, ముక్కున గొట్టముతో, మత్తుమందులో ఉండును. ఆ రహదారిపైననే ప్రమాదములలో గాయపడి స్పృహ లేక ఆసుపత్రికి చేరువారెందరో. స్పృహలో ఉన్నప్పుడు కోరియుండునని తలపదగిన విశ్వాసికి, స్పృహ తప్పిన పిమ్మట కూడ అభ్యంగనము ఈయవచ్చునని శ్రీసభ చట్టము చెప్పుచున్నది. ప్రాణము పోయినదో లేదో సందేహముగా ఉన్నను ఈయవచ్చును. ఇది గొప్ప కరుణ. కాని మినహాయింపుగా ఇచ్చిన కరుణను మనము నియమముగా మార్చుకొంటిమి. 2020, 2021 సంవత్సరములలో మహమ్మారి వ్యాపించినప్పుడు, తలుపు తెరువబడక, తైలము తాకక, తనవారి ముఖము చూడక వెళ్లిపోయినవారిని తలచుకొన్నచో, తలుపు తెరచియున్న దినములలో మనము చేయు ఆలస్యము ఎంత అక్షమ్యమో తెలియును.

మరియొక హెచ్చరిక చేయవలసియున్నది. తైలమును మందుబిళ్లకు మారుగా పెట్టు బోధలు మన పట్టణములలో వినబడుచున్నవి. సీసాలో నూనె ఇచ్చి, క్షయకు మాత్రలు మానుమనియు, మధుమేహమునకు సూది మానుమనియు చెప్పుట ఘోరమైన తప్పు. వైద్యుని గౌరవింపుము, అతనిని దేవుడే సృజించెనని సీరా గ్రంథము 38వ అధ్యాయము ఉపదేశించుచున్నది. రోగి తన వ్యాధితో గట్టిగా పోరాడుటయు, ఆరోగ్యమును శ్రద్ధతో వెదకుటయు దైవసంకల్పములోనివే అని 1972 నాటి క్రమపు ప్రవేశికయే చెప్పుచున్నది. స్వస్థత కలిగినచో స్తోత్రము. కలుగనిచో రోగి విశ్వాసము తక్కువైనదని నిందించు హక్కు ఎవరికిని లేదు. పడుకొన్నవానిపై ఆ నింద కూడ మోపుట క్రైస్తవము కాదు.

కనుక ఈ సభకు వచ్చిన ప్రతి కుటుంబమును నేను కోరునది ఇది. మీ ఇంట ఎవరికైన ఆపరేషనుకు తేదీ కుదిరిన దినముననే విచారణకర్తకు తెలుపుడు. రోగుల ప్రపంచదినమైన ఫిబ్రవరి 11న దేవాలయమున జరుగు సామూహిక అభ్యంగనమునకు మీ వృద్ధులను కూర్చుండబెట్టి తీసికొనిరండు. పదిమంది నడుమ, నవ్వుచు మాటలాడుచు, వారు ఆ తైలమును పొందుదురు గాక. ఆరోగ్యముగా ఉన్నప్పుడే మీ బిడ్డలతో, "నాకు జబ్బు చేసినప్పుడు నన్నడిగి ఫాదరుగారిని పిలువుడు, నాకు తెలియకుండ దాచవలదు" అని స్పష్టముగా చెప్పుడు. పిలిపించుకొను హక్కు యాకోబు రోగికి ఇచ్చెను. దానిని ప్రేమపేరట రోగి చేతినుండి తీసికొనకుడు. ఇంటి గోడమీద డాక్టరుగారి ఫోను నంబరు వ్రాసియుంచిన చోట, దాని ప్రక్కనే మీ విచారణకర్త నంబరును నేటి రాత్రియే వ్రాయుడు.